చలువ మందిరంలో నలభైమంది మట్టిమనుషులు

అప్పడం మెత్తబడింది.

గూట్లో పెట్టిన ఆ పచ్చి అప్పడాన్ని వేళ్లతో వంచి చూడగానే సూరమకు గుండె జారింది. నిన్న ఈ వేళకు పుటుక్కున విరిగిన సరుకు ఇవాళ విరగమంటే విరగదు. వంచితే వంగుతోంది, వదిలితే వేలాడుతోంది. పక్కనే పెట్టిన తమలపాకు మాత్రం అప్పుడే తీగనుంచి కోసినట్టు నవనవలాడుతోంది. ఇందులో భయపడాల్సిందేముంది, అప్పడం మెత్తబడితే ఎండలో వేసుకుంటే పోలేదా అని మీరనవచ్చు. మీ ఇంట్లో అయితే అంతే. కానీ ఆ గదిలో ఉన్నవాళ్లు మీలాంటి నాలాంటి మనుషులు కారు. నలభైమందికి నలభైమందీ పచ్చిమట్టి మనుషులు.

సూరమ వాళ్లది తడికలల్లే ఇల్లు. వట్టివేళ్లను వెదురు చట్రాల్లో బిగించి తడికలు అల్లడం, వేసవిలో రాజుల మందిరాలకు వాటిని కట్టడం, నీళ్లు చల్లి వడగాలిని చల్లగాలి చేయడం వాళ్ల పని. ఆ పనివాళ్లు ఏ గదిలో అడుగుపెట్టినా ముందుగా గూట్లో ఒక తమలపాకును, ఒక పచ్చి అప్పడాన్ని పెడతారు. గాలి మరీ పొడిబారితే ఆకు అంచులు ముడుచుకుంటాయి. చెమ్మ మరీ ఎక్కువైతే అప్పడం మెత్తబడుతుంది. ఈ రెండూ జరగకుండా గదిని నిలబెట్టినవాడే పనివాడు. ఒట్టినే చల్లబరచమంటే ఎవడైనా చల్లబరుస్తాడు, నాలుగు బానల నీళ్లు గుమ్మరిస్తే చాలు. ఆ తరువాత ఊపిరాడక గిలగిలలాడేది లోపలివాళ్లే.

ఇక ఆ నలభైమంది సంగతి. మాంత్రికుడు శుష్కాంగుడు మంత్రించిన ఎర్రమట్టి ముద్దను ఎవరిమీద విసిరితే వాళ్లు కాలిగోరు నుంచి తలవెంట్రుక దాకా పచ్చిమట్టి బొమ్మలైపోతారు. ఆ బొమ్మను నీడన నిదానంగా ఆరబెట్టి, కుమ్మరి ఆవంలో పెట్టినట్టు పెట్టి ఎర్రగా కాలిస్తే, అది లేచి నడుస్తుంది. మనసుండదు, మాటుండదు. శుష్కాంగుడు ఎవరిని చంపమంటే వాళ్లను చంపుతుంది. ఒకసారి కాలిన బొమ్మను మళ్లీ మనిషిని చేయడం ఎవరితరమూ కాదు. పచ్చిగా ఉన్నదానికి మాత్రం ఒక దారి ఉంది. మృగశిర కార్తెలో తొలకరి చినుకు నేలమీద పడేదాకా కాలకుండా నిలిస్తే, శాపం దానంతట అదే విడిపోతుంది. రోహిణి కార్తె వెళ్లడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఆ నాలుగు రోజులూ గట్టెక్కాలి. సూరమకు కావలసింది అంతే. ఎందుకంటే వరసలో చిట్టచివర, కుడిచేయి ముందుకు చాచి, ఎవరినో ఆపబోతున్నట్టు నిలబడి ఉన్న బొమ్మ ఆమె అన్న బయ్యన. కిన్నెరకోట అంతఃపురానికి కావలి దళపతి. యువరాణి మీదికి వచ్చిన మట్టిముద్దకు అడ్డంపడ్డాడు. అమ్మా నాన్నా గత్తర జబ్బుతో చనిపోయినప్పటి నుంచి చెల్లెలిని చంకనేసుకుని పెంచినవాడు అతనే. యువరాణి బతికింది, అన్న బొమ్మైపోయాడు. శుష్కాంగుడు దొరికినవాడితో సరిపెట్టుకుని, బొమ్మను ఒంటె మీద కట్టించుకుని ఎడారి దారి పట్టాడు. రాజుగారు కళ్లు తుడుచుకుని, సూరమకు ఒక జరీ శాలువా పంపించి, కోట తలుపులు గట్టిగా బిగించుకున్నారు. అంతకంటే ఏం చేస్తారు పాపం, రాజులు కదా. సూరమ ఆ శాలువాను రెండుగా చింపి తలపాగా చుట్టింది, జుట్టు కత్తిరించుకుంది, గొంతు బొంగురు చేసుకుంది, సూరన్న అని పేరు చెప్పుకుని ఎడారి సంతలో నిలబడింది. పాత పనివాడి చేతిలో మూడు బొమ్మలు బీటలు వారినందుకు శుష్కాంగుడు ఆ పనివాణ్ణే బొమ్మను చేశాడట, కొత్తవాడి కోసం చాటింపు వేస్తున్నారు. ఆ పనికి ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

ఆ కోటను చూసినవాళ్లు మళ్లీ చూడాలనుకోరు. కనుచూపు మేర చెట్టూ చేమా లేని ఎర్రటి ఇసుక, దాని నడుమ ఇసుక రంగులోనే ఏడు ప్రాకారాలు. మిట్టమధ్యాహ్నం ఆ గోడల మీద గాలి వణుకుతూ కనిపిస్తుంది. కాకి వాలదు, తొండ పాకదు. అంత కొలిమి లాంటి కోట నడిబొడ్డున, గుడ్డుసొన కలిపి అద్దంలా నునుపు తీసిన సున్నపు గోడలతో, నల్లరాతి నేలతో, నేలలో వంకర్లు తిరుగుతూ పారే సన్నని నీటి కాలువతో ఆ చలువ మందిరం ఉంది. పడమటి గోడకు పన్నెండు నిలువెత్తు కిటికీలు, పన్నెండింటికీ వట్టివేళ్ల తడికలు. తూర్పు గోడకు పన్నెండు చిన్న కిటికీలు. కప్పులో నక్షత్రాల ఆకారంలో కంతలు, తాడు లాగితే మూసుకునే చెక్క రెప్పలతో. కట్టినవాడెవడో మహా తెలిసినవాడు. పడమర నుంచి వచ్చిన వేడిగాలి తడి వేళ్లలోంచి చల్లబడి లోపలికి రావాలి, నలుమూలలా తిరగాలి, పైనుంచి, తూర్పు నుంచి వెళ్లిపోవాలి.

ఇవాళ తూర్పు కిటికీలు పన్నెండూ మూసి ఉన్నాయి. కప్పులో ఒక్క కంత నుంచి కూడా వెలుతురు పడడం లేదు.

ఈ నిర్వాకం ఎవరిదో సూరమకు వేరే చెప్పక్కర్లేదు. మందిరం మీద పెత్తనం తిప్పనది. మనిషి చెడ్డవాడు కాడు గానీ పిరికితనంలో అతన్ని మించినవాడు ఆ కోటలో లేడు. నిన్న శుష్కాంగుడు గుమ్మం దాటుతూ లోపల కాస్త వెచ్చగా ఉందేమో అన్నాడట. ఆ ఒక్కమాటకు తిప్పనకు కంటిమీద కునుకు లేదు. తెల్లవారీ వారకముందే మనుషులను పెట్టి నూటయాభై కుండల నీళ్లు నేలమీద, గోడలమీద కొట్టించాడు. ఆ చల్లదనం బయటికి పోకుండా తూర్పు కిటికీలన్నీ మూయించాడు, కంతలకు రెప్పలు దించాడు, పైగా సందుల్లో గోనెపట్టాలు కుక్కించాడు. చేసిన ఘనకార్యానికి మురిసిపోతూ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు.

లోపల నీళ్లు గోడల వెంట కారుతున్నాయి. గాలి కదలడం లేదు. సూరమ బొమ్మల వరస వెంట పరుగెత్తింది. మొదటి బొమ్మ నుదుటి మీద చెమట. రెండోదానికి మెడ కింద చెమట. మట్టికి చెమట పట్టడమంటే ఏమిటో తెలుసా? పైపొర మళ్లీ బురదగా మారుతోందన్నమాట. పదకొండో బొమ్మ ఒక వర్తకుడిది, గొప్ప మీసాలు. సూరమ చూస్తుండగానే కుడి మీసం మెల్లగా చెంప మీదికి జారింది, గడ్డం దాకా వచ్చింది, టప్పుమని నేలమీద పడింది. మనిషిగా లేచిన రోజున అతనికి ఆ సగం మూతి ఉంటుందో లేదో ఎవరికి తెలుసు. ఆమె ఆగకుండా చివరిదాకా వెళ్లింది. బయ్యన చాచిన చేతి చిటికెనవేలు కిందికి వాలిపోతోంది.

ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి, గొంతు బొంగురుగా ఉంచుకోవడం కష్టమవుతుండగా, కిటికీలు తీయించమని అడిగింది. తిప్పన ఆమెను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఏందిరా సూరన్నా, బయట నిప్పులు కురుస్తాంటే కిటికీలు తీయమంటావా? లోపలున్న చలవంతా పోదా? ఆయనొచ్చి చూస్తే మట్టయ్యేది నువ్వూ నేనూ."

"గాలి వచ్చే దారే ఉంది పెద్దయ్యా, పొయ్యే దారి లేదు. లోపలున్న గాలి ఇంక నీళ్లు మొయ్యలేదు. మొయ్యలేనిది బొమ్మల మీదే దించుతాది."

తిప్పన తల అడ్డంగా ఊపాడు. చల్లగా లేదా, నాకు చల్లగానే ఉంది అన్నాడు. సూరమ అతని భుజం మీది ఉత్తరీయాన్ని తీసుకుని అతని కళ్లముందే పిండింది. చెమట ధారగా కారింది. చల్లగా ఉంటే ఇంత చెమటెందుకు పట్టింది, పట్టినది ఎందుకు ఆరలేదు అని నెమ్మదిగా అడిగింది. ఒంటి చెమట ఆరని గదిలో మట్టి ఎట్లా ఆరుతుంది అని కూడా అడిగింది. అతను తన తడిసిన బొజ్జను తడుముకున్నాడు. ఆమె అతన్ని చేయిపట్టి తీసుకెళ్లి, నేలమీద పడివున్న మీసాన్ని చూపించింది. తిప్పన మొహంలో నెత్తుటిచుక్క లేదు. తరువాత కప్పు తాళ్లను లాగింది అతనే, ఆమెకంటే వేగంగా.

రెప్పలు లేచాయి. తూర్పు కిటికీలు ధడధడ తెరుచుకున్నాయి. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ క్షణంలో సూరమ తనకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంది. అప్పుడు పడమటి తడికలు ఒక్కసారిగా లోపలికి ఉబ్బాయి, వట్టివేళ్ల వాసన గదంతా కమ్ముకుంది, చల్లని గాలి ఆమె మెడను తాకి, బొమ్మల మధ్య నుంచి దూరి, కప్పు కంతల్లోంచి వెళ్లిపోయింది. చెమట వెనక్కి తగ్గడం మొదలైంది. మీసాల వర్తకుడి మీసాన్ని సూరమ తడిచేత్తో ఎత్తి, ఉన్నచోట పెట్టి అదిమింది. కాస్త వంకరగానే కూర్చుంది.

హమ్మయ్య అనుకునే వ్యవధి కూడా లేకపోయింది. పొద్దు నడినెత్తికి ఎక్కుతున్నకొద్దీ బయట గాలి ముదిరింది. వడగాలి కాదది, కొలిమితిత్తి. తడికల మీద చల్లిన నీళ్లు చల్లినట్టే ఆవిరవుతున్నాయి. సూరమ కుండ ఎత్తుకుని మొదటి తడిక దగ్గర మొదలుపెట్టి పన్నెండోదానికి చేరేలోపు మొదటిది గలగలమని ఎండిపోతోంది. ఎండిన తడికలోంచి వచ్చే గాలి పచ్చిమట్టిని చీల్చేస్తుంది. గూట్లో తమలపాకు అంచు ముడుచుకుంటోంది. ఆమె ఉరికింది. తూర్పు కిటికీల్లో ఆరింటిని మూసింది. కప్పు రెప్పలను సగానికి దించింది. కాలువ నీటిని కట్టవేసి నేలమీదికి పొర్లించింది. మళ్లీ తడికల దగ్గరికి, మళ్లీ కుండల దగ్గరికి. ఎక్కడో టిక్కుమంది. ఏడో బొమ్మ మోకాలి మీద వెంట్రుకంత బీట. ఆమె తడివేలితో రుద్దింది, అది మూసుకుంది. మళ్లీ పరుగు. అరచేతులు బొబ్బలెక్కాయి, గొంతు ఎండుకుపోయింది. ఒక్క గుక్క తాగుదామంటే ఆ గుక్కెడు కూడా తడికకే పోస్తోంది.

చివరికి ఆకు ముడత ఆగింది. కొత్తగా పెట్టిన అప్పడం విరుగుతోంది. గది నిలబడింది. సూరమ అన్న వెనక్కి వెళ్లి, ఎవరికీ కనిపించకుండా అతని వీపునా చంకల కిందా దోపి ఉంచిన తడిగుడ్డలను మార్చింది. మూడు రోజులుగా ఆమె చేస్తున్న దొంగపని అదే. మిగతావాళ్లను కూడా తడిపి ఉంచాలని ఆమెకు లేకపోలేదు. కానీ నలభై బొమ్మలూ ఆరకపోతే శుష్కాంగుడు ఒక్కపూటలో పసిగడతాడు. అందుకని అందరినీ వీలైనంత నిదానంగా ఆరనిస్తూ, అన్నను మాత్రం ఆరనివ్వకుండా నెట్టుకొస్తోంది. మిగిలిన ముప్ఫైతొమ్మిది జతల కళ్లలోకి చూడడానికి ఆమెకు సిగ్గుగా ఉంది.

వాలిన చిటికెనవేలును నిలబెడుతుండగా బయట శంఖం ఊదారు.

శుష్కాంగుడు నడిస్తే చప్పుడు కాదు. ఎండుటాకు జరిగినట్టు ఉంటుంది. ఆ ఒంట్లో తడన్నది లేదు. పెదవులు లేవు, పళ్లే ఉన్నాయి. కనురెప్పలు ఆర్పితే గీసినట్టు శబ్దం వస్తుంది. మెడలో ఎర్రటి పగడాలు, నడుముకు పులితోలు, ఎడమచేతిలో ఎప్పుడూ నలుపుతూ ఉండే మట్టిముద్ద. అతను గుమ్మంలోకి రాగానే కాలువ నీరు అతనికి దూరంగా వెనక్కి తగ్గింది. తిప్పన నేలమీద సాష్టాంగపడ్డాడు. సూరమ వంగి నిలబడింది.

మాంత్రికుడు గూట్లో చూశాడు. అప్పడాన్ని విరిచి నోట్లో వేసుకుని నమిలాడు. తరువాత మొదటి బొమ్మ దగ్గర ఆగి, దాని భుజానికి తన చెంప ఆనించాడు. కుమ్మరులు పచ్చికుండను ఇలాగే చూస్తారు. లోపల చెమ్మ ఉంటే చెంపకు చల్లగా తగులుతుంది, ఆరితే ఏమీ తెలియదు. రెండో బొమ్మ, మూడో బొమ్మ. ఒక్కో బొమ్మకూ చెంప ఆనిస్తూ, తలాడిస్తూ వస్తున్నాడు. మీసాల వర్తకుడి దగ్గర వంకర మీసాన్ని చూసి కళ్లు చిట్లించి ముందుకు కదిలాడు. సూరమ లెక్కపెట్టుకుంటోంది. ముప్ఫైఅయిదు. ముప్ఫైఆరు.

నలభయ్యో బొమ్మకు చెంప ఆనించి అతను అలాగే ఉండిపోయాడు. చాలాసేపు ఉన్నాడు. తరువాత చేయి వెనక్కి పెట్టి, బయ్యన వీపు నుంచి తడిగుడ్డ పైకి లాగాడు. అతని చేతిలో అది పొడి అయి రాలిపోయింది.

"తడికలవాడా, ఈ గదిలో గాలి ఒక్కటే. ముప్ఫైతొమ్మిదిమంది ఒకే తీరుగా ఆరారు. నీ పనితనం మెచ్చుకున్నాను. ఈ ఒక్కడు మాత్రం నీకు ఏమవుతాడు?"

సూరమ ఏమీ కాడంది. ఆ మూల గాలి తగలదని, గోడ చెమ్మకు నానాడని, బీటలు వారతాడేమోనని గుడ్డ పెట్టానని చెప్పింది. చెబుతున్నప్పుడే అబద్ధం ఎంత పల్చగా ఉందో ఆమెకే తెలిసింది. శుష్కాంగుడు నవ్వాడు. ఆవం సిద్ధంగా ఉందని, ఇప్పుడే అందరితోపాటు ఇతన్నీ పేర్చమని తిప్పనకు చెప్పాడు. నలుగురు మోతగాళ్లు లోపలికి వచ్చారు. వాళ్లు కాలిన బొమ్మలు. మొహాల మీద మనిషి జాడ లేదు. బయ్యన నడుముకు తాడు వేశారు.

అప్పుడు సూరమకు భయం ఎంత ముదిరిందంటే, భయపడడం మానేసి నోరు తెరిచింది.

"పచ్చిబొమ్మను ఆవంలో పెడితే పేల్తాది స్వామీ. లోపలి నీళ్లు ఆవిరై పేల్తాది. ఆడొక్కడే పోడు. పక్కనున్న ముప్ఫైతొమ్మిదీ పెంకులైపోతాయి. మీ ఇష్టం."

మోతగాళ్లు ఆగారు. శుష్కాంగుడి వేళ్ల మధ్య మట్టిముద్ద నలగడం కూడా ఆగింది. అతనికి ఈ సంగతి తెలియక కాదు, కోపంలో మరిచాడు. నలభై బొమ్మలకూ ఒకటే మంత్రం, ఒకటే మంట, విడివిడిగా కాలిస్తే లేవవు. తొలకరి ముంచుకొస్తోంది. ఇంకో నలభైమందిని పట్టితేవడానికి వ్యవధి లేదు.

"అయితే ఆరబెట్టు," అన్నాడు. "రేపు మధ్యాహ్నానికి వీడు మిగతావాళ్లలా ఆరి ఉండాలి. బీట కనిపించకూడదు. నీ చేతులతోనే ఆరబెట్టు. నువ్వు పారిపోకుండా ఒక చేయి నా దగ్గర తాకట్టు పెట్టు."

ఆమె వెనక్కి తగ్గేలోపు ఎడమచేయి పట్టుకుని అరచేతిలో మట్టిముద్దను అదిమాడు. మొదట చల్లగా అనిపించింది. తరువాత ఏమీ అనిపించలేదు. గోళ్లు ఎర్రబడ్డాయి, వేళ్ల గీతలు పూడిపోయాయి, మణికట్టు దాకా మట్టి ఎక్కి అక్కడ ఆగింది. వేళ్లు ఆడించమని మనసు చెబుతోంది, వేళ్లు వినడం లేదు. రేపు పొద్దుటికి మోచేతికి, మధ్యాహ్నానికి గొంతుకు ఎక్కుతుందని, బొమ్మ సరిగ్గా ఆరితే కడిగేస్తానని శుష్కాంగుడు తాపీగా చెప్పాడు. వాకిలి పక్కన వేలాడే గంట తాడును తిప్పనకు చూపించి, వీడు వేరే ఏ పని చేసినా ఒక్క లాగు లాగమన్నాడు. తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

ఒంటరిగా మిగిలాక సూరమకు ఆలోచించుకుంటూ కూర్చునే తీరిక లేదు. తడికలు ఎండుతున్నాయి. ఒంటిచేత్తో కుండ ఎత్తి, రొమ్ముకు ఆనించి, పన్నెండు తడికలకూ ఒక విడత నీళ్లు కొట్టింది. సగం తన మీదే ఒలికింది. చుట్టూ తిరిగి వచ్చేసరికి మణికట్టు దగ్గర, మట్టీ చర్మమూ కలిసినచోట, చురుక్కుమంది. చూసుకుంది. వేడిగాలికి మట్టిచేయి అంచు ఎండి సన్నని బీట తీస్తోంది. బీటలోంచి ఎర్రగా ఊరుతున్నది మట్టినీరు కాదు, ఆమె నెత్తురు.

చేతిని తడపాలి, వెంటనే తడపాలి. బాన పది అడుగుల అవతల ఉంది. అన్న చంక కింద ఒక తడిగుడ్డ ఇంకా మిగిలే ఉంది, అది చేతికి అందేంత దగ్గర. ఆమె మట్టిచేతిని తీసుకెళ్లి, చాచిన అన్న అరచేతి మీద పెట్టి, రెండింటినీ కలిపి తడిగుడ్డతో చుట్టి అదిమింది. చల్లదనం తగిలింది. బీట మూసుకుంది. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది.

కుమ్మరి ఇంట పుట్టిన పిల్లయితే చచ్చినా ఆ పని చేయదు. కుండకు చెవి అతికించేది ఎలాగో వాళ్లకు పుట్టుకతో తెలుసు, తడిమట్టికి తడిమట్టి ఆనించి అదిమితే చాలు. సూరమ తడికల ఇంటి పిల్ల. ఆమెకు గాలి తెలుసు, నీళ్లు తెలుసు, మట్టి తెలియదు. గుడ్డ విప్పి చేయి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు. గుంజింది. మణికట్టు దగ్గర ప్రాణం పోయినంత నొప్పి, చేయి మాత్రం రాలేదు. ఆమె వేళ్లెక్కడ ముగిశాయో, అన్న వేళ్లెక్కడ మొదలయ్యాయో తెలియకుండా రెండు చేతులూ ఒకే ముద్దైపోయాయి.

ఆమె మొదటిసారిగా గట్టిగా ఏడ్చింది. అన్నా అని పిలిచింది. మూడు రోజులుగా పెదవి దాటనివ్వని పిలుపు అది. ఆ ఏడుపులో తన గుండె కొట్టుకోవడం మణికట్టు దాకా వినిపించింది. మణికట్టు దాటి మట్టిలోకి కూడా వెళుతున్నట్టు అనిపించింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి అవతలి నుంచి, మట్టి లోపలి నుంచి, ఎవరో ఆమె వేలును పట్టుకుని నొక్కారు.

సూరమ ఏడుపు ఆపేసింది. ఊపిరి కూడా ఆపేసింది. మళ్లీ నొక్కారు. ఈసారి గట్టిగా. చిన్నప్పుడు సంత గుంపులో తప్పిపోకుండా పట్టుకునే పట్టు అది, ఎముకలు నలిగేంత గట్టి పట్టు. ఆమె తలెత్తి అన్న మొహంలోకి చూసింది. మొహం మట్టిగానే ఉంది. కంటికొలకులో మాత్రం మట్టి పలచబడి, లోపల తెల్లగా ఏదో కదిలింది.

సంతోషంతో ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. నీకేం కాదు అన్నా, నేనున్నా, ఈ తడి ఆరనివ్వను అని చెబుతూనే ఉంది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. గదిలో ఏదో చప్పుడు తగ్గుతోంది. ఏమిటా అని చెవి ఒగ్గింది. తడికల నుంచి నేలమీదికి పడే నీటిబొట్ల చప్పుడు. మొదటి కిటికీ దగ్గర అది ఎప్పుడో ఆగిపోయింది. రెండో కిటికీ దగ్గర ఒక్క బొట్టు పడింది, ఇంకొకటి పడలేదు.

బాన పది అడుగుల అవతల ఉంది. ఆమె కాలు చాచింది, మునివేళ్ల మీద సాగింది, కుడిచేయి గాలిలో ఊపింది. మూడడుగులు కూడా అందలేదు. అన్నను లాగుదామంటే, పడిపోకుండా బొమ్మల కాళ్లను రాతినేలకు మేకులతో బిగించారు. మూడో తడిక గలగలమంది. వేడిగాలి వచ్చి ఆమె చెంపను కాల్చింది. అతుక్కున్న చేతుల మీద తడి మెరుపు తగ్గుతోంది. లోపల ఆ పట్టు ఇంకా ఉంది, కానీ సన్నగిలుతోంది. గూట్లో తమలపాకు రెండు అంచులూ ముడుచుకుంది.

ఇక దాచడానికి ఏం మిగిలింది. సూరమ తలుపు వైపు తిరిగి, బొంగురు గొంతు సంగతే మరిచిపోయి, తన సొంత గొంతుతో కేక వేసింది.

"తిప్పన మామా, నీళ్లు పొయ్యి. నీ బిడ్డననుకుని ఒక్క కుండ నీళ్లు పొయ్యి మామా, మా అన్న సచ్చిపోతున్నాడు."

బయట పీట కిరకిరలాడింది. గడియ తీసిన చప్పుడైంది. తిప్పన తలుపు సందులోంచి తల లోపలికి పెట్టాడు. ఆడగొంతు ఎక్కడిదా అని చూసి, తలపాగా ఊడిపోయి నిలబడ్డ ఆమెను చూశాడు, మట్టిచేతిలో కలిసిపోయిన ఆమె చేతిని చూశాడు, కదులుతున్న బొమ్మ కంటిని చూశాడు. కుడిచేతి వైపు గోడకు గంట తాడు వేలాడుతోంది. ఎడమచేతి వైపు నీళ్ల బాన ఉంది. రెండూ ఒకే దూరం.

నాలుగో తడిక ఎండింది. తిప్పన ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, ఆమె కళ్లలోకి చూడకుండా, లోపలికి, బాన వైపు అడుగు వేశాడు.